తూటా తగిలిన గిన్నె

"అది చెత్తబుట్ట కాదు!"

బిల్కిస్ అరుపుకు హాల్లో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా అటు తిరిగారు.

స్వర్ణ ఉలిక్కిపడింది. బల్ల మీదున్న సొట్టల గిన్నెలోకి ఆమె అప్పుడే జ్యూస్ డబ్బా విసిరింది. మిగిలిన మామిడి జ్యూస్ గిన్నెకున్న చిల్లులోంచి తెల్లటి బల్లగుడ్డ మీదికి కారుతోంది.

స్వర్ణకు పొద్దుటి నుంచీ కోపంగానే ఉంది. శుక్రవారం బీచ్‌కు తీసుకెళ్తానన్న నాన్న, తాముండే మెసయీద్ నుంచి ఇంత దూరం దోహాకు తీసుకొచ్చాడు. పక్కింటి బిల్కిస్ వాళ్లది బంగ్లాదేశ్. తమ దేశం 1971లో ఎలా పోరాడి విముక్తి పొందిందో చూపిస్తూ, ఇక్కడుంటున్న బంగ్లాదేశ్‌వాళ్లు ఈ హాల్లో చిన్న మ్యూజియం పెట్టారు. బిల్కిస్ వాళ్లు పిలిస్తే కాదనలేక నాన్న ఒప్పుకున్నాడు.

"ఏం చేసినవే?" నాన్న గజేందర్ పరుగున వచ్చాడు.

"సొట్టలు పడ్డ పాత గంజు, డాడీ! చెత్తకు పెట్టిన్రనుకున్న. బోర్డు పెట్టొచ్చు కదా!"

"గదేంది మరి?" నాన్న వేలు చూపించాడు.

బోర్డు ఉంది. పెద్ద అక్షరాలతో, ఇంగ్లిష్‌లో కూడా ఉంది. స్వర్ణ దాన్ని చదవనే లేదు.

ఇంతలో బిల్కిస్ అమ్మమ్మ వచ్చింది. అందరూ ఆమెను నానూ అంటారు. కారుతున్న జ్యూస్‌ను చూడగానే ఆమె ముఖం ఎర్రబడింది. బెంగాలీలో గబగబా ఏదో అంది.

"నీ వయసెంత అని అడుగుతోంది," బిల్కిస్ హిందీలో చెప్పింది. ఆమె గొంతులోనూ కోపం తగ్గలేదు.

"పదకొండు."

"నాకప్పుడు పది," అంది నానూ. ఆమె చెబుతుంటే బిల్కిస్ హిందీలోకి మారుస్తోంది. "ఊరు వదిలి మీ దేశం వైపు పారిపోతున్నాం. ఈ గిన్నె నా నెత్తి మీద ఉంది. తూటా దీనికి తగిలింది. కింద పడేసి పరిగెత్తాను. మా నాన్న వెనక్కెళ్లి తెచ్చాడు. వండుకోవడానికి ఇదొక్కటే ఉంది మాకు. నా వెనక నడుస్తున్న అన్నయ్య మాత్రం రాలేదు."

స్వర్ణ గిన్నెకున్న చిల్లు వంక చూసింది.

"బీచ్‌కు వెళ్లలేదని నీకు కోపమట కదా, మీ నాన్న చెప్పాడు. నాకూ కోపమే. ఇప్పటికీ."

"ఎవరి మీద?" స్వర్ణ మెల్లగా అడిగింది.

"కాల్చినవాడి మీద. వాడి మొహం కూడా చూడలేదు నేను. అన్నం వండుకునే గిన్నె మోసే పిల్ల వాడినేం చేసింది?"

'సారీ' అనాలనుకుంది స్వర్ణ. డబ్బా తీసి బయట పారేసి వచ్చింది. గుడ్డ తడిపి గిన్నె లోపలా బయటా తుడిచింది. చిల్లు అంచు చేతికి గరుకుగా తగిలింది.

నానూ నవ్వలేదు. "గుడ్డ గట్టిగా పిండు," అని మాత్రం అని, వెళ్లి కుర్చీలో కూర్చుంది.

అప్పుడే ముగ్గురు పెద్ద కుర్రాళ్లు అటు వచ్చారు. ఒకడు గిన్నెను వేళ్లతో టంగుమని కొట్టాడు.

"బిర్యానీ గిన్నెకు కూడా మ్యూజియమా?"

మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు.

స్వర్ణకు ఒళ్లు మండింది. వాడి చేతిని పక్కకు తోసేసింది.

"నవ్వకు! ముందు బోర్డు చదువు. గట్టిగా చదువు!"

వాడు బిత్తరపోయి చదవడం మొదలుపెట్టాడు. చదువుతున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది.

"నానూ వాళ్ల అన్నయ్య గురించి అందులో లేదు," అంది స్వర్ణ. "ఇక్కడే ఉండండి. వెళ్లిపోకండి."

ఆమె నానూ దగ్గరకు పరుగెత్తి మోకాళ్ల మీద కూర్చుంది.

"నానూ, మీ అన్నయ్య పేరేంటి?" తనే హిందీలో అడిగింది.

నానూ కుర్చీలోంచి ముందుకు వంగింది.

"జియావుద్దీన్."

స్వర్ణ ఆ పేరును తప్పు లేకుండా పలికి చూసుకుంది. తర్వాత కుర్రాళ్ల దగ్గరికి తిరిగొచ్చి, గిన్నె పక్కన నిలబడి, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.