చోప్ చేసిన సింథసైజర్

"పాడైపోయినదాన్ని అమ్ముతున్నారా?" అంది దీక్షిత, సింథసైజర్ మీద నాలుగు మెట్లు నొక్కి చూసి. ఒక్కటీ పలకలేదు.

"పాడు గాలేదండి. దీనికి లోపల స్పీకర్ ఉండదు." మహీధర్ బల్ల కిందికి వంగి బయటి స్పీకర్ వైరు తగిలించి, ఒక మెట్టు నొక్కాడు. గదంతా వయొలిన్ మోగింది. "తెల్వకుంటే అడగాలె. అమ్మెటోన్ని దొంగను చేస్తే ఎట్ల?"

"వైరు పెట్టకుండా కొనేవాళ్లని పిలిస్తే ఎలాగండీ?"

పరిచయం ఇలా మొదలైంది. మహీధర్ కరీంనగర్ కుర్రాడు, ఈ పరాయి దేశానికొచ్చి జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంట్ ఇంజనీరుగా చేస్తున్నాడు. బుకిట్ బటోక్‌లో శ్యామలాదేవి ఆంటీ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఈ మధ్య పెద్ద కీబోర్డు కొన్నాడు. గదిలో మంచం ఉండాలంటే రెండింట్లో ఒకటి పోవాలని ఆంటీ తీర్పు చెప్పడంతో, పాత సింథసైజర్‌ను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడు. దీక్షితది కాకినాడ. బ్యాంకు ఉద్యోగం. సెరంగూన్ నుంచి రెండుసార్లు ట్రైన్ మారి వచ్చింది.

"ఎవరి కోసం తీస్కుంటున్నరు?"

"నాకేనండీ. ఇదే మొదటిది. ఇదివరకు పాడేదాన్ని. పోయినేడు మెడకి ఆపరేషన్ అయ్యింది. అప్పట్నుంచి పై స్వరం ఎత్తితే గొంతు చీలిపోతోంది. నేను పాడలేనిది ఈ వయొలిన్ సౌండయినా పాడుతుందని."

తేలిగ్గానే అంది కానీ, చూపు మాత్రం కిటికీ వైపు తిప్పుకుంది. మహీధర్ కోపం ఎటుపోయిందో అతనికే తెలియలేదు.

"పాటను కొంచెం కింది శ్రుతిల పాడొచ్చు గదా?" అన్నాడు మెల్లగా.

"అందరూ అదే చెప్తారు. దించి పాడితే అది నా గొంతులా ఉండదండీ."

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుందని చూపించాడు. ఇన్ని బటన్లు చూసి భయపడొద్దని, మొదట్లో నాలుగు తెలిస్తే చాలని చెప్పాడు.

"ఇంకో రెండు చూసి చెప్తాను. ఈలోగా ఎవరికీ ఇచ్చేయకండి." బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి సింథసైజర్ మీద పెట్టింది. "చోప్."

ఇక్కడి హాకర్ సెంటర్లో, అంటే తిండి అంగళ్ల దగ్గర, అన్నం తెచ్చుకునేలోపు సీటు పోకుండా అలా ప్యాకెట్ పెట్టి వెళ్తారు; ఇది నాది అని చెప్పడమే చోప్. సింథసైజర్‌కు పెట్టినవాళ్లను మహీధర్ అప్పుడే మొదటిసారి చూశాడు.

తర్వాతి ఆదివారం ఇంకోసారి చూస్తానని వచ్చింది. ఆ పై ఆదివారం కూడా వచ్చింది. ఆమె వేళ్లు ఒక పల్లవిని తడుముకుంటూ నేర్చుకున్నాయి. మహీధర్ మాత్రం రోజురోజుకూ వింత వ్యాపారి అయిపోయాడు.

"నల్ల మెట్లు జర గట్టిగున్నయండి."

"అవునండీ. తొందరపడకూడదు."

"బరువు గూడ ఎక్కువే."

"అవునవును. ఆలోచించుకోవాలి."

ఆన్‌లైన్‌లో అడిగిన వాళ్లందరికీ అతను ఒకటే జవాబు పంపేవాడు: చోప్ అయింది.

చివరికి శ్యామలాదేవి ఆంటీ గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. "ఒక్క డబ్బా కొనడానికి ఇన్ని ఆదివారాలా? పెళ్లిచూపులైనా ఒక పూటలో అయిపోతాయి. ఇవాళ తేల్చండి. తేల్చాక మకాన్‌కి రండి, అన్నం తిందురుగాని, సాంబారు చల్లారిపోతోంది."

బయట వాన కురుస్తోంది. మహీధర్ సింథసైజర్ ముందు కూర్చున్నాడు. ఒక్క బటన్ నొక్కితే పాట మొత్తం కింది శ్రుతికి దిగుతుంది. ఆమె పాడగలిగితే కొనుక్కుని వెళ్లిపోతుంది. కోపం వస్తే కొనకుండా వెళ్లిపోతుంది. ఎటు చూసినా అతనికి నష్టమే. అయినా దుమ్ము తుడుస్తున్నట్టు చెయ్యి చాచి, ఆ బటన్‌ను మూడుసార్లు నొక్కాడు.

ఆమె నేర్చుకున్న పల్లవినే వాయించాడు. దీక్షిత అలవాటుగా కూనిరాగం తీసింది. కూనిరాగంలోకి మాటలు వచ్చాయి. చరణం వచ్చింది. పై స్వరం దగ్గర ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. గొంతు చీలలేదు. నిండుగా, కాస్త బరువుగా సాగిపోయింది.

"వచ్చేసింది," అంది. "నా గొంతు తిరిగి వచ్చేసిందండీ."

ఊరుకుంటే సరిపోయేది. కానీ మహీధర్ ఊరుకోలేకపోయాడు.

"రాలేదండి. నేనే పాటను మూడు మెట్లు కిందికి దించిన."

దీక్షిత మొహంలో వెలుగు తగ్గింది. "నాకు చెప్పకుండానా?"

"చెప్తే మీరు పాడరు గదా. తప్పే, ఒప్పుకుంట. కానీ మీ పాత గొంతు నేనెన్నడు వినలే. నాకు తెల్సిన మీ గొంతు ఇదొక్కటే. నాకు మస్తు నచ్చింది."

వంటింట్లోంచి ఆంటీ గొంతు వినిపించింది. "ఎవరమ్మా పాడింది? ఆపేశావేం?"

దీక్షితకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సింథసైజర్ మీదున్న ప్యాకెట్ చింపి, ఒక టిష్యూ లాగి కళ్లు తుడుచుకుంది.

"ఇవాళే తీసుకెళ్తాను," అంది.

"మంచిది." మహీధర్ వంగి వైరు చుట్టసాగాడు. ఎంత చుట్టినా అది చిక్కు పడుతూనే ఉంది.

"ఒకటి అడగనా? ఇంత మంచి దానికి ఇన్నాళ్లూ ఎందుకండీ వంకలు పెట్టారు?"

అతను తలెత్తలేదు. "కొంటే మీరు మళ్ల రారు గదా. మీరు రాని ఆదివారం నాకొద్దు."

దీక్షిత దగ్గరికి వచ్చి, మిగిలిన టిష్యూ ప్యాకెట్‌ను అతని చొక్కా జేబులో పెట్టింది.

"చోప్," అంది. "వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. వైరు ఎక్కడ పెట్టాలో నాకింకా తెలీదు."

మహీధర్ జేబు తడుముకున్నాడు. "మరి ఎవరన్న వచ్చి అడిగితే?"

"ఇన్నాళ్లూ అడిగిన వాళ్లకి ఏం చెప్పారో అదే చెప్పండి."