పసుపు యార్డులో హెరిటేజ్ టూర్

గైడ్ సాలోమోను శవం పెర్కిట్ బైపాస్ పక్కన తుమ్మపొదల్లో దొరికింది. నిన్న పొద్దంతా పసుపు మార్కెట్ యార్డులో తిరిగిన చొక్కా పచ్చగా ఉంది. కాలర్ మీద మాత్రం ఎర్రటి వేలిముద్రలు.

“నెత్తురు కాదు,” అన్నాడు చీఫ్ గజేందర్ ఫోన్‌లో. “పసుపుకు సున్నం తగిలితే ఎర్రగైతది సూడు, గట్ల. ఫైర్‌బాంబుల వాడే పౌడర్ సున్నం అసుంటిదే. హంతకుని చేతికి గదే ఉంది. టార్గెట్ ఇయ్యాళ్టి యార్డు.”

“సస్పెక్ట్?” అడిగింది ఏజెంట్ పూర్ణిమ.

“ఎరిక్. ఫారిన్ గ్యాంగ్ బాస్, టూరిస్టు వేషం. ఆని టూరుల సిద్ధులగుట్ట, అంకాపూర్ కోడికూర, యార్డుల షాపింగ్, రాత్రికి హైవే మీద డ్యాన్స్ ప్రోగ్రాం. సాలోమోను ప్లేసుల గైడ్‌గ నువ్వు పో. ఇంటర్‌ప్రెటర్ రాజశ్రీ మన ఏజెంటే. యార్డు మాత్రం ఖాళీ చెయ్యద్దు. డౌటొస్తే రిమోట్ నొక్కుతడు.”

పూర్ణిమ తల్లి విద్యావతి ఈ రోజే మూడేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని, వేల్పూర్ నుంచి పసుపు అమ్మడానికి ఆ యార్డుకే వస్తోంది. రావద్దని పూర్ణిమ ఫోన్ చేసింది.

“ఎందుకొద్దు? కారణం చెప్పు.”

“చెప్పరాదమ్మా.”

“అయితే ఫోన్ పెట్టెయ్. పిల్లను ఒక్కదాన్ని ఇంట్ల ఇడిసిపెట్టి రావాల్నా, నీ తీర్గ?”

గుట్ట మీద నల్లరాళ్లు చూసి ఎరిక్ మొహం చిట్లించాడు.

“రాళ్లు చూపించడానికా ఇంత ఎక్కించారు అంటున్నాడు,” అంది రాజశ్రీ. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, సెంటు వాసన.

పూర్ణిమ కోడ్ అడిగింది. “అంకాపూర్‌ల కారం ఎంత?”

“కండ్లల్ల నీళ్లొచ్చేంత.”

కోడ్ కరెక్ట్. పూర్ణిమ ఊపిరి పీల్చుకుంది. అంకాపూర్‌లో మొదటి ముద్దకే ఎరిక్ నీళ్లజగ్గు ఖాళీ చేసి, వంటవాడిని తిట్టాడు. మిగిలిన కూరను రాజశ్రీ టిఫిన్ క్యారియర్‌లో కట్టించుకుంది.

యార్డు దగ్గర అందరూ వ్యాన్ దిగాక రాజశ్రీ చాలాసేపటికి దిగింది. బరువుగా ఉందంటూ క్యారియర్‌ను కమీషన్ ఏజెంట్ గంగాకిషన్ దుకాణంలో బస్తాల మీద పెట్టింది. అదే బస్తాల మీద పూర్ణిమ కూతురు నిద్రపోతోంది. పక్కనే విద్యావతి. పూర్ణిమను చూసి కోపంగా మొహం తిప్పుకుంది. పూర్ణిమ కూడా గుర్తుపట్టనట్టే నిలబడింది. ఆమె కళ్లు ఎరిక్ చేతుల మీదే ఉన్నాయి. అవి కోటు జేబుల్లో ఉన్నాయి.

గంగాకిషన్ తల్లి రత్నవ్వ పసుపు పళ్లెంతో వచ్చింది. “ఆడోళ్లు దుకాణమెక్కితే పసుపు పెట్టకుండ పంపుతమా? చెయ్యి చాపుండ్రి.”

పూర్ణిమ కుడిచేయి పట్టింది. రాజశ్రీ ఎడమచేయి చాపింది.

“గిదేం చోద్యమే?” రత్నవ్వ గయ్యిమంది. “పసుపుకు ఎడమచెయ్యి పడుతరా? నిన్ను కన్నదా, కొనుక్కచ్చుకున్నదా మీ అవ్వ?”

“కుడిచేతికి దెబ్బ తగిలింది.”

ఏ ఆడది ఎడమచేత పసుపు తీసుకుంటుంది? దాచవలసింది ఉంటే తప్ప! పూర్ణిమ తన పసుపు చేత్తో రాజశ్రీ కుడి అరచేతిని పట్టి గట్టిగా రుద్దింది. పచ్చదనం చూస్తుండగానే ఎర్రబడింది.

“మన ఏజెంటువై ఉండి సాలోమోను మెడ పిసికింది నువ్వా!”

“లేటయింది, పూర్ణిమా,” రాజశ్రీ నవ్వింది. ఒక్క క్షణం ఆమె చూపు బస్తాల వైపు పోయింది.

ఎరిక్ జేబులోంచి రిమోట్ తీశాడు. పూర్ణిమ కాలు అతని మణికట్టును తాకింది. రిమోట్ ఎగిరి పసుపుకుప్పలో కూరుకుపోయింది.

“టైమర్ కూడా పెట్టిన!” అరిచింది రాజశ్రీ.

పూర్ణిమ కూతురి మీదుగా దూకి క్యారియర్ విప్పింది. పై గిన్నెలో కోడికూర. కింది గిన్నెలో సున్నా వైపు పరుగెత్తుతున్న అంకెలు. వైరును పళ్లతో పట్టి లాగింది. చివరి సెకను దగ్గర అంకెలు ఆగిపోయాయి.

హమాలీలు ఎరిక్‌ను బస్తా దించినట్టు కింద పడేశారు. పారిపోబోయిన రాజశ్రీ జుట్టు రత్నవ్వ పిడికిట్లో చిక్కింది.

గొడవకు పాప లేచి ఏడుపందుకుంది. పూర్ణిమ రెండు చేతులూ చాపింది. విద్యావతి పిల్లను వెనక్కి లాక్కుంది.

“ఆగు! ఏం చేతులే అవి, ఎర్రగ? దిష్టి తీసిన నీళ్లల్ల ముంచినట్టున్నయ్. పోయి కడుక్కోనిరా పో.”

“అచ్చం దిష్టే తీసినమ్మా,” అంటూ పూర్ణిమ నల్లా వైపు నడిచింది.