కాల్‌సైన్ చెప్పని స్టేషన్

"బాంబు ఎక్కడుందో తెలీదు. మీట ఎవరి చేతిలో ఉందో తెలీదు. ఎలా పేలుతుందో మాత్రం తెలిసింది," అన్నాడు చీఫ్ సుబ్రహ్మణ్యం.

ఏజెంట్ దేవకుమార్ చెవిలో ఇయర్‌పీస్‌ని ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాడు. జూబ్లీహిల్స్ గుట్ట మీద, హ్యామ్ రేడియో క్లబ్ వాళ్ల ఆదివారం క్యాంపులో, తన టెంట్ ముందు నిలబడి వేపకొమ్మకు యాంటెన్నా తీగ కడుతున్నాడు. మెడలో 'జగదీశ్' అని మారుపేరు రాసిన క్లబ్ బ్యాడ్జి. బండల మధ్య అక్కడక్కడా టెంట్లు, బ్యాటరీలు, వైర్లు. ఇలా కరెంటు లేని చోటుకొచ్చి ఊరూరి స్టేషన్లతో మాట్లాడటం లైసెన్సు తీసుకుని సొంత రేడియో నడిపే హ్యామ్‌లకో సరదా. ఇవాళ ఒక్క టెంటు మాత్రం సరదాకి వేసింది కాదు.

"ఎర్రగడ్డలో దొరికిన ముఠావాడు నోరు విప్పాడు," చీఫ్ చెప్పుకుపోతున్నాడు. "చిన్న ట్రాన్స్‌మిటర్ ఒకటి సిగ్నల్ పంపుతూ ఉంటుంది. అది వస్తున్నంతసేపూ బాంబు పడుకుంటుంది. ఆగిందా, పేలుతుంది. కింద సినిమా ఓపెనింగ్‌లో శకుంతలమ్మ మేడమ్ క్లాప్ కొట్టగానే సిగ్నల్ ఆపేస్తారు. లైవ్‌లో దేశమంతా చూడాలని వాళ్ల ప్లాన్."

"ఫంక్షన్ ఆపించండి సార్."

"జనం కదిలితే అప్పుడే సిగ్నల్ ఆపేస్తారు. వెతుకు."

గుట్ట కింద ఫిల్మ్‌నగర్ ఖాళీ స్థలంలో, షామియానా వేసి, కొత్త సినిమా ఓపెనింగ్ చేస్తున్నారు. ముఖ్య అతిథి శకుంతలమ్మ, క్షిపణి శాస్త్రవేత్త. దేవకుమార్‌కి మాత్రం ఆవిడ మధురానగర్‌లో పక్కింటి ఆంటీ. చిన్నప్పుడు చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చి అతని మొదటి రేడియో కట్టించింది, చుక్కలు గీతలుగా మాట పంపే మోర్స్ నేర్పింది ఆవిడే. అమ్మ పోయిన ఏడాది పిలిచి అన్నం పెట్టిందీ ఆవిడే.

"టీ తాగు దేవ్. చల్లారిపోతోంది," అంది టెంట్‌లోంచి నవత.

ఇవాళ్టికి ఆమెది అతని భార్య వేషం. జనానికి టీవీ యాంకర్. ఏజెన్సీకి మాత్రం, విదేశీ ముఠాలో చేరినట్టు నటిస్తూ కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. పొద్దున ఆమె గుట్టెక్కి వస్తుంటే, చూస్తూ రెండు స్టేషన్లు మాట మధ్యలో ఆగిపోయాయి. నిరుడు తూటా దారిలోంచి దేవకుమార్‌ని పక్కకు లాగింది ఆమే. అప్పటి నుంచి అతను ఆమెను నమ్మాడు. నిజం చెప్పాలంటే మనసు కూడా పడ్డాడు.

చేతి సెట్‌తో ఫ్రీక్వెన్సీలన్నీ జల్లెడ పట్టాడు. క్యాంపు వాళ్లు మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీకి ఆనుకునే దొరికింది ఆ సిగ్నల్. మాట లేదు, పాట లేదు, సన్నగా ఒకటే కూత. యాంటెన్నాని ఎటు తిప్పినా మీటర్ నిండా చూపిస్తోంది. అంటే చాలా దగ్గర్లో ఉంది.

ఇలాంటప్పుడు హ్యామ్‌లకు పాత పద్ధతొకటుంది. యాంటెన్నా పీకేసి, సెట్టును గుండెకు ఆనించుకుని, నిలబడ్డచోటే మెల్లగా తిరగాలి. మన ఒళ్లే సిగ్నల్‌కి అడ్డం. ఎటు తిరిగితే బాగా తగ్గుతుందో అక్కడ ఆగాలి. వెతికేది సరిగ్గా మన వీపు వెనక ఉంటుంది.

తిరిగాడు. షామియానా వైపు మొహం పెట్టగానే మీటర్ పడిపోయింది. వీపు వెనక ఉన్నది తన టెంటే. అందులో ఉన్నది నవతే. తప్పయితే బాగుండునని ఇంకోసారి తిరిగాడు. తప్పు కాలేదు.

పట్టుకోబోతే ఆమె వేలు కదులుతుంది. కింద శకుంతలమ్మ క్లాప్ కొట్టేముందు రెండు మాటలు చెబుతానని మైకు అందుకుంది. దేవకుమార్ మొహం మామూలుగా పెట్టుకుని టెంట్‌లో పెద్ద సెట్టు ముందు కూర్చున్నాడు. "యాంటెన్నా టెస్ట్ చేస్తా," అంటూ ఆ కూత ఉన్న చోటికే ట్యూన్ చేసి, మోర్స్ మీట నొక్కి పట్టుకున్నాడు.

ఉపన్యాసం అయింది. క్లాప్ పడింది. నవత చేతిలో లిప్‌స్టిక్ అడుగున టిక్కుమని చప్పుడు.

కింద చప్పట్లు తప్ప ఏమీ వినపడలేదు.

నవత లిప్‌స్టిక్ వంక చూసింది, తర్వాత మీట మీదున్న అతని వేలి వంక చూసింది. తన ట్రాన్స్‌మిటర్ ఆగినా, అతని సెట్టు అదే సిగ్నల్ పంపుతోంది. యాంకర్ తెలుగు నోట్లోంచి జారిపోయింది. "ఓ, నీ వేలు కింద పెట్టుకున్నవా ఆమె పానం?"

"నన్నెందుకు కాపాడావు నిరుడు?"

"ఇయ్యాల నీ పక్కన కూసునేందుకు."

ఆమె చెయ్యి యాంటెన్నా కేబుల్ మీదికి పోయింది. దేవకుమార్ ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కుడిచెయ్యి కదపలేడు. ఆ లాగులాటలో కేబుల్ పిన్ను సెట్టులోంచి సగం ఊడొచ్చింది.

"ఎవలయ్య గిది?" టెంట్ గుడ్డ పైకి లేచింది. క్లబ్ పెద్ద పోచయ్య, చేతిలో యాంటెన్నా, వెనక అయిదారుగురు హ్యామ్‌లు. మీట నొక్కి క్యాంపు మొత్తాన్ని మూగ చేసినవాణ్ణి బండ బండా వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల లోకంలో ఇంతకు మించిన పాపం లేదు. "ఏంది జగదీశ్, మీట మీద పండుకున్నవా? తియ్ చెయ్యి."

"తీస్తే కింద బాంబు పేలుతుంది పోచయ్యగారూ. ముందు ఈమెను పట్టుకోండి."

బాంబు సంగతి పోచయ్య నమ్మాడో లేదో గాని, నడుస్తున్న స్టేషన్ కేబుల్ పీకేవాళ్లు ఆయన దృష్టిలో ఎటూ మంచివాళ్లు కారు. యాంటెన్నా అడ్డం పెట్టాడు. మిగతావాళ్లు ఆమెను పట్టుకున్నారు.

ఒకడు పిన్ను బిగించాడు. దేవకుమార్ ఎడమచేత్తో బైనాక్యులర్స్ ఎత్తి కిందికి చూశాడు. "సార్, కెమెరా పక్కన పసుపు పూసిన గుమ్మడికాయ. ఓపెనింగ్‌కి కొట్టేది కొబ్బరికాయ. గుమ్మడికాయ షూటింగ్ అయిపోయిన రోజు కొడతారు."

"చెప్పిన," అంది నవత పళ్లు కొరుకుతూ. "ఆ ఫారినోడు ఇనలే."

శకుంతలమ్మను మెల్లగా బయటికి నడిపించి, గుమ్మడికాయను బాంబు స్క్వాడ్ విప్పేదాకా దేవకుమార్ వేలు తీయలేదు. బ్యాటరీ పడిపోతుంటే పోచయ్యే తిట్టుకుంటూ తన బ్యాటరీ తెచ్చి తగిలించాడు. చివరికి చీఫ్ చెప్పాక వేలెత్తాడు. చెయ్యి మొద్దుబారింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆంటీ బతికినందుకు కొన్ని, నవత కోసం కొన్ని.

"ఏడుసుడు తర్వాత," అన్నాడు పోచయ్య. "దేశం సంగతి దేశం చూసుకుంటది. కాల్‌సైన్ చెప్పకుంట గింతసేపు కూసునుడు రూల్ గాదు. చెప్పు."

కాల్‌సైన్ అంటే లైసెన్సుతో పాటు ఒక్కో హ్యామ్‌కి సర్కారు ఇచ్చే గుర్తు; అతని లైసెన్సు అసలు పేరు మీదే ఉంది. దేవకుమార్ మళ్లీ మీట మీద చెయ్యేసి, ఆంటీ నేర్పిన మోర్స్‌లో తన కాల్‌సైన్ కొట్టాడు. డ్యూటీలో ఉండగా అతను నిజం చెప్పడం అదే మొదటిసారి, అదీ వినగలిగినవాళ్లందరికీ.