మూడో గ్లాసు

పొద్దున్నే కొబ్బరినీళ్ళు గ్లాసులో వంచి భర్త ముందు పెట్టడం టైలరమ్మకు ఈమధ్య పట్టుకున్న అలవాటు. సగం జీవితం కుట్టుమిషను మీద గడిపిన మనిషి, ఏదైనా పట్టుకుందంటే ఉడుంపట్టే. కొబ్బరినీళ్ళు తాగితే మెదడుకు మంచిదనీ, మతిమరుపు దరికి రాదనీ ఎవరో పంపిన వీడియోలో చూసింది. ఆమధ్య ఆయన కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికాడు. ఇంకేం, ఆవిడకు ఆ సాక్ష్యం చాలు.

"తాగండి, బుర్ర చురుగ్గా ఉంటుంది."

"ఉన్న బుర్రకి ఇది ఎక్కువే," అంటూ ఒకప్పుడు వాచీ మెకానిక్‌గా చేసిన ఆయన గటగటా తాగేశాడు.

సాయంత్రం, టీచరుగా పనిచేసే కూతురు స్కూలు నుంచి నేరుగా వచ్చింది. చెప్పులు కూడా సరిగా విప్పలేదు.

"నాన్నా, డాక్టరు ఫోన్ చేశారు. నీ రక్తంలో పొటాషియం బాగా పెరిగిందట. అసలే నీ కిడ్నీలు అంతంతమాత్రం. ఇంకా పెరిగితే గుండెకే ప్రమాదమట. కొబ్బరినీళ్ళు వెంటనే మానెయ్యమన్నారు."

టైలరమ్మకు రోషం వచ్చింది. "నేనేమన్నా విషం పెడుతున్నానా?"

"ఒంట్లో బాగున్నవాళ్ళకి మంచివేనమ్మా. నాన్నలాంటి వాళ్ళకి కాదు. మతిమరుపు రాకుండా ఆపుతాయనడానికి రుజువు కూడా లేదట."

"రోజుకొక్క గ్లాసుకే ఇంత రాద్ధాంతమా?"

"ఒక్కటా? సందు చివర కొబ్బరిబోండాలమ్మే ఆయన నన్ను ఆపి మరీ అడిగాడు. అమ్మగారు రోజుకి మూడుసార్లు వస్తున్నారు, ఇంట్లో ఎవరికైనా విరేచనాలా అని."

"నేనే తెమ్మన్నాను. దాహంగా ఉండి," అన్నాడాయన గబుక్కున.

తను కాపురానికి వచ్చిన నాటినుంచి నోరు తెరిచి మంచినీళ్ళు కూడా అడగని మనిషి. అబద్ధమాడటం ఈ వయసులో మొదలుపెడితే ఎలా వస్తుంది? చూపు తిప్పుకున్న ఆ మొహం చూడగానే టైలరమ్మకు విషయం అర్థమైంది.

"ఏమండీ, నేనే మర్చిపోయి మళ్ళీ మళ్ళీ ఇస్తున్నానా?"



"మొదట్లో ఒకసారి, ఇందాకే తాగానుగా అన్నాను. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చావు. గంట తిరక్కుండానే నవ్వుతూ ఇంకో గ్లాసు తెచ్చావు. ఆ నవ్వు చూశాక మళ్ళీ చెప్పబుద్ధి కాలేదు. తాగితే పోయేదేముందిలే అనుకున్నాను."

"మీ ప్రాణం పోయేది."

కూతురు తల్లి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. రేపు సెలవు పెట్టి ఇద్దర్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది. టైలరమ్మ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. తన మతి జారిపోతోందన్న భయం ఒకవైపు ఉంది. తన నవ్వు కోసం ఈ వెర్రి మనిషి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడన్న బాధ అంతకు మించి ఉంది.

"ఇకమీదట నేను తెస్తే తాగకండి. వద్దని చెప్పండి," అంది ఆయనతో.

"ఏడుస్తావే."

"ఏడుస్తాను. కాసేపటికి అదీ మర్చిపోతాను కదా. మీరుంటే మళ్ళీ చెబుతారు. మీరే లేకపోతే నాకెవరు చెబుతారు?"

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. భార్య చెయ్యి పట్టుకుని, కూతురు చూస్తోందని కూడా చూడకుండా, పైకే ఏడ్చేశాడు.