చెమర్చిన కెమెరా

"కమాలుద్దీన్ రేపు పొద్దుటిదాకా బతికుండాలి. అంతే నీ డ్యూటీ."

ఇయర్‌పీస్‌లో ఢిల్లీ బాస్ గొంతు ఆగిపోయింది. ఏజెంట్ ఒవైస్ మంచు పార భుజాన వేసుకున్నాడు.

దోహాలో మంచేమిటని అడక్కండి. డబ్బుండాలే గానీ ఎడారిలో ఏదైనా కురుస్తుంది. ఒక మాల్ మూడో అంతస్తులో మైనస్ నాలుగు డిగ్రీల చలి, పైన్ చెట్లు, మిషన్ కక్కే మంచు, మధ్యలో ఉత్తర దేశపు తెల్ల గుడ్లగూబ. చలికాలపు పక్షుల్ని ఫొటో తీసే పిచ్చివాళ్ళు శుక్రవారం క్యూ కడతారు. మెసయీద్ పోర్టు ఇంజనీర్ కమాలుద్దీన్ వాళ్ళలో ఒకడు. మన నౌకల రహస్యాలు అమ్ముతున్న విదేశీ ముఠా పేర్లు ఆయన చేతికి చిక్కాయి. రేపు ఉదయం అప్పగిస్తానన్నాడు. ఇవాళ మాత్రం గుడ్లగూబను చూసి తీరాలట. ప్రాణం మీదికొచ్చినా పిట్టల పిచ్చి పోదు.

ఒవైస్ ఇక్కడ ఏడాదిగా గయాజ్. మెట్‌పల్లి గయాజ్, మంచు ఊడ్చే గయాజ్. క్యాంపు గదిలో ఆరుగురున్నా ఒక్కరికీ అసలు పేరు తెలీదు. ఎవరైనా "ఒవైస్" అని పిలిస్తే నిద్రలో పలుకుతానేమోనని మొదట్లో భయపడేవాడు. ఇప్పుడు పలకనేమోనని భయం.

ఆ పేరు తెలిసిన మనిషి ఖతార్‌లో ఒక్కతే, ఫర్హా. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ వేషంలో ఉన్న మన ఏజెంట్. నెలకోసారి వచ్చి "ఎట్లున్నారు, ఒవైస్ సాబ్?" అని మెల్లగా అడిగేది. ఆ ఒక్క మాట కోసం అతను నెలంతా కాచుకునేవాడు.

సాయంత్రం నాలుగయింది. సందర్శకులకు చలికోట్లు తొడిగే వెచ్చటి గదిలోకి, మంచులోంచి పోశన్న వచ్చాడు. ఆర్మూర్ మనిషి, ఊడ్చే పనిలో జతగాడు. కళ్ళద్దాలు తెల్లగా మసకబారాయి.

"రోజూ గిదే లొల్లి, గయాజ్ భాయ్. సలిలకెల్లి బయటికొస్తే సాలు, కండ్లు కనవడయి." అద్దాలు చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. గుడ్లగూబ మొహం చూస్తే అరిష్టమని ఏడాదిగా దానికి వీపు పెట్టే ఊడుస్తున్నాడు.

అంతలో కమాలుద్దీన్ వచ్చాడు. వెనకే ఫర్హా, ఎర్ర స్కార్ఫ్, ఘుమఘుమలాడే అత్తరు.

"గుడ్లగూబకు ఆకలేసిందా?" అంది. కోడ్.

"ఇప్పుడే తిన్నది."

"ఎయిర్‌పోర్టు నుంచి సీదా ఇక్కడికే వచ్చిన, ఒవైస్ సాబ్," అని గుసగుసలాడి, కెమెరా లెన్సును రుమాలుతో తుడుచుకుంటూ కమాలుద్దీన్ వెంట లోపలికి నడిచింది.

ఒవైస్ పార పట్టుకుని వెనకే వెళ్ళాడు. పేరు విన్న సంతోషం పది అడుగులు నడిపించింది. పదకొండో అడుగు పడలేదు.

లెన్సు ఎందుకు తుడిచింది? అది పోశన్న కళ్ళద్దాల్లాగే మసకబారి ఉంది. బయటి ఎండలోంచి ఈ వెచ్చటి గదిలోకి వచ్చిన కెమెరాకి చెమ్మ పట్టదు. అది గంటలకొద్దీ ఈ చలిలోనే ఉంది. మాల్ గేటు దగ్గర స్కానర్ దాటని ఈ కెమెరాను ముందే ఎవరో మంచులో దాస్తే, ఈమె సిబ్బంది తలుపు గుండా వెళ్ళి తీసుకుని, మళ్ళీ ముందు గదిలోకి వచ్చింది.

"కమాల్ సాబ్, గుడ్లగూబతో ఒక్క ఫొటో. ఇటు చూడండి."

కెమెరా లేచింది. మధ్యలో ముప్పై అడుగుల దూరం. పరుగెత్తినా అందడు. పక్కనే ఉన్న మంచు మిషన్ గొట్టం ఆమె మీదికి తిప్పి ఫుల్ ప్రెషర్ నొక్కాడు.

టప్ మంది. లెన్సులోంచి దూసుకొచ్చిన విషపు సూది కమాలుద్దీన్ చెవి పక్కనుంచి పోయి పైన్ మానులో దిగింది. సందర్శకుల్లో కలిసి కమాలుద్దీన్‌కు కాపలా ఉన్న మఫ్టీ మనుషులిద్దరు తెల్లటి మంచులోంచి ఫర్హాను పట్టి లేపారు.

"ఎక్కడ దొరికిన?" అంది, ఒవైస్‌కు మాత్రమే వినబడేలా.

"మీకంటే ముందే మీ కెమెరాకి చలి పట్టింది."

ఆమె నవ్వింది. "నన్ను పంపిస్తే మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేదెవరు, ఒవైస్ సాబ్?"

అతను మిషన్ కట్టేసి పార అందుకున్నాడు.

చెవిలో బాస్ పలికాడు. "శభాష్. కమాలుద్దీన్ సేఫ్. మిషన్ దగ్గర నీ చెయ్యి జారిందనే అందరూ అనుకుంటున్నారు. గయాజ్‌గానే ఉండు."

"ఎన్నాళ్ళు, సార్?"

లైన్ కట్ అయింది.

"గింత మంచు ఒక్కపారే గుమ్మరిస్తివి, ఊడ్శేటోడెవడు?" పోశన్న గొణిగాడు. "నేను చాయ్ తాగొస్త. యల్లా, నువ్వు షురూ చెయ్."

హాలు ఖాళీ అయింది. ఒవైస్ పార ఆనించి గుడ్లగూబ ఎదురుగా నిలబడ్డాడు.

"నా పేరు ఒవైస్," అన్నాడు.

అది రెండు కళ్ళూ విప్పి విన్నది. తర్వాత తలను పూర్తిగా వెనక్కి తిప్పేసుకుంది. ఏమీ విననట్టే కూర్చుంది. మొత్తం డిపార్ట్‌మెంట్‌లో నమ్మదగిన ఏజెంట్ అదొక్కటే.