గొంతు వేరు, మనిషి వేరు

ఆడియో కథల స్టూడియోలో ఆమె ఎడిటర్. చదివేవాళ్ల తప్పులూ దగ్గులూ కోసేస్తుంది కాబట్టి అందరూ కత్తెర అంటారు. ఐదేళ్లుగా ఆమెకు ఒక గొంతంటే ప్రాణం. ఆ గొంతుగల మనిషిని లోకం తేనె అంటుంది.

ఆ తేనెగారు వీళ్ల స్టూడియోలో చదవడానికొచ్చిన మొదటిరోజే రెండు గంటలు ఆలస్యంగా దిగబడి, లిఫ్టు రెండు నిమిషాలు ఆగిందని కనపడ్డవాళ్లందరి మీదా ఎగిరాడు. తర్వాత మైకు ముందు కూర్చుని, "నీకోసం యుగాలైనా ఎదురుచూస్తాను" అని చదివాడు. అద్దానికి ఇవతల కత్తెరకు ఒళ్లు మండింది. పాడు ఒళ్లు, పులకరించింది కూడా.

"తప్పు చదివితే చప్పట్లు కొట్టండి. ఎక్కడ కొయ్యాలో నాకు తెలుస్తుంది."

"నేను తప్పు చదవను, కత్తెరగారూ!"

ఇంటికెళ్లి తల్లితో మొత్తుకుంది. ఆ గొంతు వినందే ఆవిడ పొయ్యి వెలిగించదు.

"పాలిచ్చే గేదె తన్నినా పడాలే."

"బాగుందమ్మా! పాలు తాగేది నువ్వు, తన్నులు తినేది నేనూనా?"

తొమ్మిదో భాగంలో కొంప మునిగింది. "నిన్ను ప్రేమిస్తున్నాను" అన్న వెంటనే అదే గొంతు, "ఛీ, ఈ చెత్త ఎవడు రాశాడ్రా బాబూ" అనడం శ్రోతలంతా విన్నారు. అతను చప్పట్లు కొట్టలేదు, హడావిడిలో ఆమె కొయ్యలేదు. కథ రాసినావిడ ఓనరు గదిలో కూర్చుని కళ్లొత్తుకుంటోంది.

"తప్పెవరిది?" అన్నాడు ఓనరు.

"నా పని చదవడం. కొయ్యడం ఎడిటర్ పని. చప్పట్లు కొట్టమని నాకేం చెప్పలేదు" అన్నాడు తేనె.

"రేపట్నుంచి రానక్కర్లేదమ్మా" అని ఓనరు కత్తెరతో అనేశాడు.

గుమ్మం దగ్గర ఆమె ఆగింది. "ఇన్నాళ్లూ మిమ్మల్ని పక్కన పెట్టి మీ గొంతు విన్నాను. ఇవాళ అబద్ధం చెప్పింది కూడా ఆ గొంతేనండీ."

ఆ సాయంత్రం తల్లి కథ పెడితే కట్టేసింది. ఉద్యోగం పోయినందుకు కాదు, ఐదేళ్ల ఇష్టం పోయినందుకు ఏడ్చింది.

మర్నాడు సామాను తెచ్చుకోవడానికి వెళ్తే, ఓనరు ముందు తేనె నిలబడి ఉన్నాడు. రచయిత్రీ అక్కడే ఉంది.

"చప్పట్లు కొట్టమని ఆవిడ చెప్పారు సార్. నేనే పొగరెక్కి కొట్టలేదు. తీసేస్తే నన్ను తీసెయ్యండి. అమ్మా, చెత్త మీ కథ కాదు, నా నోరు."

గొంతు రెండుసార్లు బొంగురుపోయింది, మధ్యలో నీళ్లు తాగాల్సొచ్చింది. ఓనరు తల పట్టుకుని, "ఇద్దరూ పోయి ఆ తొమ్మిదో భాగం మళ్లీ చేసి తగలెయ్యండి" అన్నాడు.

బయటికొచ్చాక తేనె నసిగాడు. "ఇవాళ గొంతేం బాలేదు కదూ?"

"తుప్పుపట్టిన గేటులా ఉంది."

"అయితే ఇక నచ్చనా?"

"గొంతంటే ఐదేళ్లుగా ఇష్టం. మనిషంటే... ఇదిగో, ఇవాళ పొద్దున్నుంచి."

వందల ప్రేమకథలు చదివినవాడు "నేను... మీరు..." అని తడబడి, తనే చప్పట్లు కొట్టాడు.