చెల్లెలేటి ఆఖరి చోటు

చీకటి పడ్డాక చెల్లెలేటి రేవులో ఒంటరిగా ఎవరూ నిలబడేవారు కాదు. వెనకనుంచి ఒక ఆడగొంతు అడుగుతుందట... “అన్నా, నా వంతొచ్చిందా?”

వెనకటికో పడవవాడు, పడవ నిండిపోయిందని సొంత చెల్లెల్నే రేవులో దింపేశాడు. “మళ్లీ వచ్చి తీసుకెళ్తాలే” అన్నాడు. అతను తిరిగొచ్చేలోపే వరదొచ్చింది. చెల్లెలు లేదు, రేవూ లేదు. ఏటికి ఆ పేరు అప్పుడొచ్చిందే. అప్పట్నుంచీ ఆఖరి పడవలో ఒక మనిషి చోటు ఖాళీగా ఉంచడం పడవవాళ్ల నియమం.

రేడియోలు బాగుచేసే మా మావయ్యకి ఇవన్నీ చెవిలో పువ్వులు పెట్టే మాటలు. ఆ రాత్రి మాత్రం ఆయన నవ్వే స్థితిలో లేడు. అవతలి ఒడ్డున ఆయన చెల్లెలు — మా అమ్మ, అప్పటికి పదేళ్ల పిల్ల — జ్వరంతో కళ్లు తేలేస్తోంది. మందు ఆయన జేబులో ఉంది. పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఆఖరి పడవ నిండిపోయింది... ఆ ఒక్క చోటు తప్ప.

“అందులో మాత్రం కుదరదు బాబూ” అన్నాడు పడవ తాత.

“నా చెల్లెలు చచ్చిపోతుంది తాతా!”

తాత తల అడ్డంగా ఊపి, గెడ నీళ్లలో వేశాడు. అప్పుడు — మావయ్య వెనక, చీకట్లోంచి —

“ఎక్కనివ్వన్నా... నేను తర్వాత వస్తాలే.”

డెబ్బై ఏళ్ల తాతని ‘అన్నా’ అని పిలిచేది ఎవరు? గెడ ఆగిపోయింది.

“ఎక్కు” అన్నాడు తాత గుసగుసగా. “వెనక్కి చూడకు.”

ఏరు దాటగానే మావయ్య మందుతో ఇంటికి పరిగెత్తాడు. తెల్లారేసరికి అమ్మకి చెమటలు పట్టి జ్వరం దిగింది.

తర్వాత తాత పోయాడు. వంతెన వచ్చింది, పడవలు మూలపడ్డాయి. “తర్వాత వస్తానందిరా... ఇప్పుడు దేంట్లో వస్తుంది?” అనేవాడు మావయ్య. నేను నవ్వేవాణ్ని. ఆయన నవ్వేవాడు కాదు.

మొన్న పొద్దుపోయాక ఆయన స్కూటర్ వెనక కూర్చుని వస్తున్నాను. పాత రేవు దగ్గర, వంతెన మొదట్లో బండి ఆపేశాడు.

“దిగరా. నడిచిరా.”

“ఎందుకు మావయ్యా?”

ఆయన చెవి రిక్కించి వింటున్నాడు. నాకు నీళ్ల చప్పుడే వినిపిస్తోంది. భయమేసి దిగాను.

“వచ్చిందమ్మా” అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. “నీ వంతే. ఎక్కు.”

ఖాళీ సీటు... నా కళ్లముందే... మెల్లగా కిందికి కుంగింది.